తీగ తినేసిన వోల్టులు

మా సందులో ఎవరింటి పరువైనా ఆంపియర్లలోనే కొలుస్తారు. పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఉద్యోగం తర్వాత అడిగే ప్రశ్న "జనరేటరు మీద ఎన్ని ఆంపియర్లు పెట్టుకున్నారు?" అనే. మూడంటే మూతి ముడుస్తారు. అయిదంటే టీలో ఇంకో చెంచా పంచదార వేస్తారు. పది అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఉంటే వాడు మా సందులో ఎందుకుంటాడు?

అసలు ఆంపియరంటే ఏమిటో వీళ్ళలో ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు. ముప్పై ఒక్క సంవత్సరాలు బస్రాలో ఆడపిల్లల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, ఓమ్‌లలో వస్తుంది. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఈ రెండు ముక్కలు బుర్రకెక్కించడానికి ఎంతమంది చెవులు మెలేశానో లెక్కలేదు. అందుకే రిటైరయ్యాక కూడా ఊరందరికీ టీచరమ్మనే. మా వైపు పిల్లల్లేని ఆడదాన్ని "గాయిబ్ తల్లీ" అంటారు, ఇంకా రాని బిడ్డకి తల్లి అని. పిల్లల్లేకపోయినా ఈ నజీహా టీచరుని ఎదురుగా అలా పిలిచే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

నా భర్త మిజ్‌హిర్ ఓడరేవులో సిమెంటు ఓడలు దింపే పని ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడు. ఓడలు ఎటో వెళ్ళిపోయాయి, సిమెంటు ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. కిందటేడాది నుంచి ఆక్సిజన్ మిషన్ లేకపోతే మంచం దిగి గుమ్మం దాకా నడవలేడు. ఆ మిషన్ గదిలో గాలినే పీల్చి, వడగట్టి, ఆక్సిజన్ చిక్కబరిచి ముక్కులోకి సన్నటి గొట్టంలో పంపుతుంది. దాని వెనక చీటీ మీద రెండొందల ఇరవై వోల్టులు, ఒకటి పాయింట్ ఆరు ఆంపియర్లు అని ఉంది. అంటే మూడొందల యాభై రెండు వాట్లు. ఇంటికి తెచ్చిన రోజే ఆయన మంచం పక్కన కూర్చుని భాగహారం కూడా చేశాను. చేతులు ఊరుకోవు.

"ఎంతొచ్చింది?" అన్నాడు ఆయన.

"నిరోధం నూట ముప్పై ఏడున్నర ఓమ్‌లు."

"అంతేనా? అయితే నీకన్నా మెత్తనిదే," అని నవ్వబోయి దగ్గాడు.

మాకున్నవి నాలుగు ఆంపియర్లు. మిషన్‌కి ఒకటి పాయింట్ ఆరు, కూలర్‌కి రెండు. లెక్కకి సరిపోవాలి, జూన్ దాకా సరిపోయింది కూడా. సర్కారు కరెంటు రోజుకి నాలుగు గంటలొస్తే పండగే, మిగతా పొద్దంతా బతుకు, చాసిబ్ అనే అతను ఆంపియరుకింతని నెలనెలా డబ్బు తీసుకుని నడిపే జనరేటరు మీదే. ఇన్వర్టర్ కొన్నాం, దాని బ్యాటరీలు ఒక్క ఎండాకాలానికే ఉబ్బి పగిలాయి. జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం మిషన్ ఎర్రదీపం వెలిగించి కీచుమని అరవడం మొదలుపెట్టింది. వోల్టేజి నూట తొంభై కిందికి దిగితే అది అలా అరుస్తుంది. అప్పుడు లోపల పంపు నీరసపడిపోతుంది, ముక్కులోకి వచ్చేది ఆక్సిజన్ అనుకోవడమే గాని అది మామూలు గాలే. మీటరు పెట్టి చూశాను. నూట డెబ్బై ఎనిమిది.

మాది సందులో చివరిల్లు. చాసిబ్ జనరేటరు సందు మొదట్లో పెద్దరోడ్డు మీద ఉంది. అక్కణ్ణుంచి ఒకే ఒక్క అల్యూమినియం కేబులు గోడలెక్కి, మేడలెక్కి, మా గోడకి బిగించిన ఇనప్పెట్టె దాకా వస్తుంది. చివరి పదకొండు ఇళ్ళకీ ఆ పెట్టెలోంచే కరెంటు. రెండొందల ఇరవై బయల్దేరి మా దగ్గరికొచ్చేసరికి నూట డెబ్బై ఎనిమిది అయిందంటే, మధ్యలో పోయిన నలభై రెండు ఏమైనట్టు? తొమ్మిదో తరగతి పిల్ల అడిగేది ఆ ప్రశ్న. నేను అడగలేదు. ఇంట్లో మనిషి పెదాలు నల్లబడుతుంటే ప్రశ్నలు అడగరు, బజారుకి పరిగెత్తుతారు. వెళ్ళి స్టెబిలైజర్ తెచ్చాను.

మంచి వస్తువు. నూట డెబ్బై ఎనిమిది ఇటిస్తే అటు రెండొందల ఇరవై ఇచ్చింది. ఎర్రదీపం ఆరిపోయింది. మిజ్‌హిర్ ఆ సాయంత్రం లేచి కూర్చుని పుచ్చకాయ ముక్కలు రెండు తిన్నాడు. తీగకి తగిలిస్తే కరెంటు చెప్పే మీటరు నా దగ్గరుంది. తగిలించి చూస్తే మిషన్ లాగేది ఒకటి పాయింట్ ఆరు కాదు, రెండు. చూశాను, చూసి ఊరుకున్నాను. మన నాలుగు దాటలేదు కదా అనుకున్నాను.

రెండో రోజే గోడ పక్కింటి నిదాల్ వచ్చింది. ఆమెకి ఆరునెలల పాప.

"టీచరమ్మా, మీ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మాది మా అత్తగారిలా మూలుగుతా కూర్చుంది. ఏం మందేశారు?"

చెప్పాను. చెప్పడమే కాదు, కాగితం తీసుకుని వాళ్ళింట్లో ఏమేమి ఉన్నాయో రాసి, వోల్టుల్ని ఆంపియర్లతో గుణించి, ఎంత సైజు స్టెబిలైజర్ కావాలో లెక్క కట్టి ఇచ్చాను. ఆమె పోయి ఇంకొకరికి చెప్పింది. పది రోజుల్లో పదకొండు ఇళ్ళల్లో తొమ్మిదింటికి నేనే లెక్క రాసిచ్చాను. అరుగు మీద కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, "మీ కూలర్ ఎన్ని ఆంపియర్లు? చీటీ చూసి రా, పో" అని గదమాయిస్తూ. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు చాలా బాగుంది. రిటైరయ్యాక ఎవరైనా నా లెక్కకి విలువిచ్చింది ఆ పది రోజులే.

పదకొండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి మా స్టెబిలైజర్ టక్కుమని ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ టక్కు. నూట అరవై లోపు వోల్టులొస్తే అది చేతులెత్తేస్తుంది. మీటరు పెట్టాను. నూట యాభై.

మిజ్‌హిర్ గోళ్ళు నీలంగా మారాయి. అత్యవసరానికని ఒక సిలిండర్ ఉంచుకున్నాం, ఆరు గంటలొస్తుంది. గొట్టం దానికి మార్చి, మీటరు పట్టుకుని బయట పెట్టె దగ్గరికి పరిగెత్తాను. కేబులుకి తగిలించాను. యాభై ఆంపియర్లు. స్టెబిలైజర్లు రాక ముందు ఒకసారి చూసినప్పుడు ముప్పై ఉండేవి. పెద్దరోడ్డు దాకా ఎండలో నడిచి జనరేటరు దగ్గర చూశాను. అక్కడ రెండొందల ఇరవై నిక్షేపంలా ఉంది.

తిరిగొస్తూ నడిచిన ఆ సందులోనే లెక్క తేలింది. డెబ్బై వోల్టులు పోయాయి, యాభై ఆంపియర్లు పారాయి. భాగిస్తే ఒకటి పాయింట్ నాలుగు ఓమ్‌లు. ముందటి లెక్క చూసినా అంతే, నలభై రెండుని ముప్పైతో భాగించు, అదే ఒకటి పాయింట్ నాలుగు. అది ఏ ఇంటి నిరోధమూ కాదు. కేబులుది. స్టెబిలైజర్ వోల్టుల్ని పుట్టించదు. అటు వోల్టులు పెంచాలంటే ఇటు ఆంపియర్లు ఎక్కువ లాగాలి. ఆ ఎక్కువ ఆంపియర్లు రావలసింది ఆ బక్క కేబుల్లోనే. ఎక్కువ పారేకొద్దీ కేబులు ఇంకా ఎక్కువ వోల్టుల్ని తినేస్తుంది. వోల్టులు తగ్గాయి గదా అని మాదీ కలిపి పది స్టెబిలైజర్లూ ఇంకా గట్టిగా లాగుతాయి. డెబ్బైని యాభైతో గుణించాను. మూడువేల అయిదొందల వాట్లు. మిజ్‌హిర్ లాంటివాళ్ళు పదిమంది పీల్చుకునేంత ఊపిరి ఊరికే ఆ తీగని వేడిచేస్తోంది.

మా పరీక్ష పేపర్లలో ప్రతి లెక్క కింద ఒక వాక్యం ఉంటుంది: తీగల నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ వాక్యం నా చేత్తో నేను నల్లబల్ల మీద రాశాను. రాసి రాసి నమ్మేశాను. చదువురానిదైతే ఈ తప్పు చేసేది కాదు, ఎందుకంటే చదువురానిదాని మాట విని తొమ్మిది ఇళ్ళవాళ్ళు స్టెబిలైజర్లు కొనేవారు కాదు. సందు మధ్యలోంచే వెనక్కి తిరిగాను.

ముందు చాసిబ్ దగ్గరికే వెళ్ళాను. లావుపాటి మనిషి, డీజిలు మరకల బనీను.

"లావు కేబులు వెయ్యి నాయనా. పోనీ రాగిది వెయ్యి."

"రాగిదా! వేసిన మూడోరోజుకి ఎవడో కోసుకుపోయి అమ్ముకుంటాడు. వద్దమ్మా, ఇదివరకు రెండుసార్లు ఏడ్చాను."

"అయితే పెద్దరోడ్డు వైపు ఎక్కడైనా రెండు ఆంపియర్లు ఇవ్వు. మా ఆయన్ని అక్కడికి మారుస్తాను."

"ఒక్కటి కూడా లేదు. నా జనరేటరు రొప్పుతోంది, వినపడ్డంలా? మీ చివరి పదకొండిళ్ళూ కలిసి నా నెత్తిన కూర్చున్నాయి. ఎవరో టీచరమ్మ లెక్కలు కట్టిచ్చిందంట గదా అందరికీ!"

తిరిగి సందులోకి నడిచాను.

మర్నాడు పొద్దున్న ఇల్లిల్లూ తిరిగాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాకా స్టెబిలైజర్లు తీసెయ్యండి, తీసేస్తే అందరికీ మునుపటి నూట డెబ్బై ఎనిమిది వస్తుంది, ఫ్యాను మెల్లగానైనా తిరుగుతుంది, మా మిషన్‌కి ప్రాణం వస్తుంది. నీళ్ళిచ్చారు, టీ ఇచ్చారు, మిజ్‌హిర్ గురించి అడిగి కళ్ళు తుడుచుకున్నారు.

"పెట్టుకోమన్నదీ మీరే, తీసెయ్యమనేదీ మీరేనా?" అంది నిదాల్. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగింది.

"తప్పు లెక్క కట్టానమ్మా."

"మరి మీది కూడా తీసేస్తారా?"

"మాది తీస్తే ఆయన ఊపిరి ఆగిపోతుంది."

"అంటే మేమంతా తీసెయ్యాలి, మీదొక్కటి ఉండాలి." పాపని భుజం మార్చుకుంది. పాప వీపంతా చెమటకాయలు. "సరే టీచరమ్మా. ఇన్షా అల్లా, తీసేస్తాను."

అందరూ అదే మాటన్నారు, ఇన్షా అల్లా. మేం కొలిచే పుణ్యపురుషుడు అబ్బాస్ మీద ఒట్టేసి చెప్పమని నేను అడగలేదు. మా బస్రాలో అబ్బాస్ మీద ఒట్టేసి తప్పినవాడు ఉండడు, ఆ భయం అలాంటిది. అందుకే ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ఆ ఒట్టు వెయ్యలేదు. తొమ్మిది గడపలు దిగేసరికి నాకు అర్థమైపోయింది. అయినా పన్నెండింటికి మీటరు పెట్టుకుని కూర్చున్నాను. నూట డెబ్బై రెండు దాకా ఎక్కింది. మా స్టెబిలైజర్ పట్టుకుంది. ఒంటిగంట దాటాక నూట అరవై ఆరు. కాసేపటికి నూట అరవై మూడు. ఎవరింట్లో ఎప్పుడు స్విచ్చి పడిందో కూర్చున్నచోటి నుంచే చెప్పగలను. రెండు గంటలకి టక్కుమంది. యాభై డిగ్రీల ఎండలో ఆరునెలల పాపని పెట్టుకుని ఏ తల్లి మాత్రం ఆగుతుంది? ఎవర్నీ తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. సిలిండర్‌లో మిగిలింది ఆ సాయంత్రానికి అయిపోయింది. నింపే చోట ఇచ్చొచ్చాను. శనివారం గాని రాదన్నారు.

ఈ సంగతి సబ్రియా చెవిన పడింది. ఆమె భర్త మిజ్‌హిర్‌తో కలిసి ఓడలు దింపినవాడు, పోయి ఆరేళ్ళయింది. కొడుకూ కోడలూ ఇద్దరు మనవరాళ్ళతో సందు మొదట్లో, జనరేటరు వెనకింట్లోనే ఉంటుంది. కబురు చెయ్యలేదు, తనే వచ్చేసింది.

"లే అన్నయ్యా, మా ఇంటికి పద. ఆ పొగా, ఆ మోతా అంతా మాకే పెట్టాడు చాసిబ్. మంచి వోల్టులైనా మావాళ్ళు ఒకళ్ళు తింటే బాగుంటుంది."

కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకెళ్ళారు. అక్కడ రెండొందల పదహారు. స్టెబిలైజర్ అక్కర్లేదు, ఎర్రదీపం లేదు. రెండో గంటకే ఆయన గోళ్ళకి రంగొచ్చింది. రాత్రి భోజనానికి కాల్చిన సబూర్ చేప పెడితే ముళ్ళు తీసుకుంటూ సగం తినేశాడు, ఓడరేవు కబుర్లు చెప్పి సబ్రియాని నవ్వించాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి ఏడ్చాను. అంత సంతోషం నాకు భయమేసింది.

అతిథి మూడు రోజులూ ఒక మూడోవంతూ. మా వైపు లెక్క అది. అంతవరకూ ఎందుకొచ్చావనిగాని, ఎన్నాళ్ళుంటావనిగాని ఇంటివాళ్ళు అడగకూడదు. లేనిది కూడా తెచ్చి పెట్టాలి. సబ్రియా అడగలేదు. కాని నాకు లెక్కలొచ్చు. వాళ్ళకీ నాలుగు ఆంపియర్లే. కూలర్‌కి రెండు, ఫ్రిజ్‌కి ఒకటి, ఫ్యాన్లన్నిటికీ కలిపి పాయింట్ ఆరు. మా మిషన్ కలిస్తే అయిదు దాటుతుంది, బ్రేకరు పడిపోవాలి. పడట్లేదు.

"కూలర్ మోటారు కాలిపోయిందమ్మా," అంది సబ్రియా, నేను అటు చూడటం చూసి. "బాగుచేసేవాడు రేపొస్తానన్నాడు."

ఎవరూ లేనప్పుడు వెళ్ళి చెయ్యి పెట్టాను. రెక్కలు తేలిగ్గా తిరిగాయి. కాలిన వాసన లేదు. ప్లగ్గు తీసి, తీగ చుట్టచుట్టి, వెనక దాచిపెట్టారు.

మూడో రోజు మధ్యాహ్నం చిన్న మనవరాలు వాంతులు చేసుకుంది. ఆరేళ్ళ పిల్ల. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కోడలు తడి దుప్పటి చుట్టి, గచ్చు మీద పడుకోబెట్టి విసరడం మొదలుపెట్టింది. ఒక్కళ్ళు కూడా మా గది వైపు చూడలేదు. ఆ చూడకపోవడం మిజ్‌హిర్ కూడా కనిపెట్టాడు.

నాలుగో రోజు పొద్దున్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"మూడు రోజులైపోయాయి. మూడోవంతు మిగిలింది. ఇంటికి పోదాం."

"ఎవరన్నా పొమ్మన్నారా మిమ్మల్ని?"

"అదేగా నొప్పి. పొమ్మంటే పోట్లాడి ఉండేవాణ్ణి."

"అక్కడ నూట యాభై ఉంది. తెలుసా మీకు?"

"నాకేం తెలుసు, లెక్కల మనిషివి నువ్వు." గొట్టం సర్దుకున్నాడు. "ఆ పిల్ల నిన్న తాతా అని వచ్చి నా మిషన్ మీద చెయ్యి పెట్టి, చల్లగాలి ఇందులోంచి వస్తుందా అనడిగింది. పద నజీహా."

ఉండిపోదామని బతిమాలాను. ఉంటే ఆయన బతుకుతాడు. ఆ పిల్ల ఏమైతే నాకేంటి అని ఒక్క నిమిషం మనస్ఫూర్తిగా అనుకున్నాను. ఆ నిమిషానికి నన్ను ఎవరూ క్షమించనక్కర్లేదు. సబ్రియా మూడుసార్లు ఆపింది, మర్యాద ప్రకారం. మూడోసారి ఆమె గొంతు తేలికపడింది. తప్పు పట్టలేదు నేను.

ఆయన్ని తీసుకురావడానికి ముందే మిషన్‌తో నేనొక్కదాన్ని ఇంటికొచ్చాను. వెనక మూత విప్పి, కీచుమని అరిచే బజర్‌కి వెళ్ళే తీగ కత్తిరించాను. ఎర్రదీపం మీద గాయాలకి వేసే పట్టీ అంటించి, దానిమీద ఆయన తువ్వాలు వేలాడదీశాను. పట్టుమని పదినిమిషాల పని. తెలిస్తే ఆయన చెయ్యగలిగేది ఏమీ లేదు. ఆ అరుపు వింటూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకోవడం తప్ప. తెలియకపోతే కాస్త కన్నంటుకుంటుంది. సిలిండర్ వచ్చే శనివారానికి ఇంకా రెండు రోజులుంది.

మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. ఎలాగూ టక్కుమని ఆగిపోయే స్టెబిలైజర్ని పక్కనపెట్టి మిషన్‌ని తిన్నగా ప్లగ్గులో పెట్టాను. పంపు మూలిగింది, తడబడింది, తిరగడం మొదలుపెట్టింది. మోసినవాళ్ళు వెళ్ళిపోయారు. గొట్టం ఆయన ముక్కుకి సర్దాను. కళ్ళు మూసుకుని రెండుమూడుసార్లు గట్టిగా పీల్చాడు.

"ఎంతుంది?" అన్నాడు.

మీటరు చూశాను. నూట యాభై ఒకటి.

"రెండొందల పది," అన్నాను.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనకి నేను చెప్పిన ఏ అంకెనీ ఆయన తిరిగి చూసుకోలేదు. ఇప్పుడూ చూసుకోలేదు. మొహంలో బిగువు సడలింది. అరచెయ్యి నా చేతిమీద వేశాడు, వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"అంత బాగుంటే ఇంకేం," అన్నాడు. "కూలర్ వేసుకో. చెమటతో తడిసి ముద్దయిపోయావు."

"నాకేం అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?" కళ్ళు తెరిచాడు. నా మొహం వైపే చూస్తున్నాడు. "రెండొందల పది అన్నావుగా?"

లేచి వెళ్ళి కూలర్ స్విచ్చి వేశాను. చల్లగాలి నా మొహానికి తగిలింది. మిషన్ గొంతు ఒక మెట్టు దిగింది. మీటరు నూట నలభై ఆరు దగ్గర ఆగింది.